సామి ఫోటోల ముందర చెప్పులు

నాకు ఫోటో తీయడం మా చిన్నమామ నేర్పించినాడు. ఆయన కల్యాణాలకు ఫోటోలు తీసేవాడు. కంటిచూపు తగ్గినాక తన కెమెరా తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఊరికే కూర్చోనుండావు గదా, దీన్ని ఆడిస్తా ఉండు, బూజు పట్టదు" అన్నాడు. అక్షరాలు మా నాయన దగ్గర, కెమెరా చిన్నమామ దగ్గర. బడి గడప నేను తొక్కింది లేదు. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆ ఇద్దరి కోసం ఒక దండం ఎక్కువ పెట్టుకుంటాను. కానీ ఇప్పుడు రాసేది దండాల సంగతి కాదు. ఒక కోపం సంగతి. ఇన్నేళ్ళయినా అది పూర్తిగా దిగలేదు.

ముదలియార్‌పేటలో మేముండే వీధి నిండా మిల్లు పనివాళ్ళ ఇళ్ళే. ఒక గది, ఒక వంటిల్లు. అంత చోటులోనే సామికి కూడా చోటు చూడాల. ఒకరింట్లో ఫ్రిజ్ నెత్తిన, ఒకరింట్లో పాత టీవీ పెట్టెలో, ఒకరింట్లో గ్యాస్ బండ పక్కన గోడకు కొట్టిన పలక మీద. సామి పటాల వెనక ఇల్లంతా దాక్కోనుంటుంది: రేషన్ కార్డు, బీరువా తాళం, కూతురి స్కాన్ రిపోర్టు, విప్పడానికి భయపడిన ఏదో ఆఫీసు కవరు. నాకవి తీయాలనిపించింది.

పటాలకు అద్దాలుంటాయి గనక ఫ్లాష్ వేస్తే సామి మొహం ఉండేచోట తెల్ల మరక పడుతుంది. అందుకని పొద్దున తలుపులోంచి ఎండ లోపలికొచ్చేదాకా కాచుకోవాల. ఎండ చాలకపోతే ఇంటావిడ ఉతికిన తెల్లపంచెను రెండు చేతులా పట్టుకోని నిలబడేది, వెలుతురు దాని మీద పడి సామి మీదికి మళ్ళేది. ఒక్క ఫోటోకి ఒక్కోసారి మూడు రోజులు పోయినా ఆ ఇళ్ళవాళ్ళెవరూ విసుక్కోలేదు. అది వాళ్ళ గొప్పతనం.

మొదట ఒప్పుకున్నది మా వీధి చివరింటి పెద్దమ్మ. మాకు చుట్టం కాదు, అయినా వీధికంతా పెద్దమ్మే. ఆమె సరేనంటే తక్కిన ఇళ్ళ తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని నాకు తెలుసు. ఒప్పుకునే ముందు ఆమె అడిగింది:

"తీసినాక యాడ పెడతావు దీన్ని?"

"బీచి పక్క పాత ఫ్రెంచి కట్టడంలో ఎగ్జిబిషన్ పెడతా ఉండారు పెద్దమ్మా. ఈ ఊరి బొమ్మలేసేవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు అందరివీ పెడతారు."

"అందరొచ్చి చూస్తారా?"

"చూస్తారు."

"అయితే ఒక మాట. మా సామి ముందర ఎవురూ చెప్పులేసుకోని నిలబడకూడదు. మాటిస్తావా?"

దీపం కుందిని తాకి మాటిచ్చినాను. హాలువాళ్ళను ఒక్క మాట అడిగి చెబుదామని నాకు తోచనే లేదు. సామి పటం కనబడితే ఎవరైనా చెప్పులు వాళ్ళంతట వాళ్ళే విడుస్తారనుకున్నాను. మా వీధిలో కరెంటు రీడింగుకొచ్చేవాడు కూడా విడుస్తాడు. నా లోకం అంతే.

ఎగ్జిబిషన్ నడిపేది ఒక పెయింటర్. మంచి మనిషే. ఆరిళ్ళలో తీసిన నా ఆరు ఫోటోలూ చూసి, "అమ్మా, మీరు ఎక్కడ నేర్చుకున్నారు?" అని తమిళంలో అడిగినాడు. ఇంట్లో అన్నాను. వాటిని ఫోటోలు అనకుండా 'వర్క్' అన్న మొదటి మనిషి ఆయనే. ఆ కృతజ్ఞత నాకు ఇప్పటికీ ఉంది. అది ఉండబట్టే కోపం ఇంత ఇబ్బంది పెట్టింది.

ఫ్రేములు తగిలించే రోజు వెళ్ళి చూస్తే నా ఆరూ మోకాలెత్తులో ఉన్నాయి.

"ఇదేంది సార్, ఇంత కింద?"

"పూజకు కూర్చున్న మనిషి కంటి ఎత్తు అది. కాన్సెప్ట్ అమ్మా."

"కూర్చునేదానికి పీటలేస్తారా?"

"లేదు, నిలబడే చూస్తారు."

"అట్లయితే సామి కంటికి కనబడేది బూట్లే కదా సార్!"

ఆయన నవ్వేసి పైకి ఎత్తించినాడు. అదే ఊపులో చెప్పుల మాట కూడా అడిగేసినాను. ఈసారి నవ్వలేదు. హాలు మధ్యలో ఇంకొకాయన 'వర్క్' ఉంది: తేంగాయితిట్టు రేవునుంచి తెచ్చిన చినిగిన వలలు, తుప్పు గాలాలు, పగిలిన సీసాలు నేలంతా పరిచినాడు. ఉత్త కాళ్ళతో తిరిగితే ఎవరికైనా గుచ్చుకుంటుంది. అది నిజమే. కాదనలేకపోయినాను.

"ఇది గుడి కాదమ్మా, గ్యాలరీ."

"గుడి అని నేను కూడా అనలేదు సార్. వాళ్ళ ఇంట్లో సామి అన్నాను, అంతే. మాటిచ్చినాను."

"ఫోటోలో ఉండేది సామి కాదు, ఫోటో."

బాగా చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దానికి ఏదో ఒకటి చెప్పుండేవాళ్ళు. నేను కదలకుండా అక్కడే నిలబడినాను. కడకు ఆయనే తలగోక్కొని, వెనకవైపు చిన్న గది ఒకటి ఖాళీగా ఉంది, మీ ఆరూ అందులో పెట్టుకోండి, గడప దగ్గర మీ ఇష్టం అన్నాడు. సంతోషంగా దండం పెట్టినాను. గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, 'దయచేసి పాదరక్షలు ఇక్కడ విడవండి' అని మూడు భాషల్లో రాసి అంటించినాను. ఇంగ్లీషులో మా ఆయన రాసిచ్చినాడు.

ఆ బోర్డే నాకు శత్రువైంది. జనం గడపదాకా వచ్చేవాళ్ళు, చదివేవాళ్ళు, తమ కాళ్ళకేసి చూసుకునేవాళ్ళు, మెడ లోపలికి సాచి, ఆరు ఫోటోలూ ఒక్క చూపులో ముగించి వెళ్ళిపోయేవాళ్ళు. "లేసులు విప్పి కట్టేలోపల భోజనం టైమైపోతుంది" అని ఒకాయన తన భార్యతో నా ముందరే అన్నాడు. గడప పక్కన నా చెప్పుల జత చూసి ఇద్దరు కాలేజీ పిల్లలు, "ఇది కూడా ఆర్టేనా ఆంటీ?" అని అడిగినారు. "కాదమ్మా, చెప్పులే" అన్నాను. నవ్వుకుంటా వాళ్ళ చెప్పులు కూడా పక్కన విడిచి లోపలికొచ్చినారు. టీవీ పెట్టెలో సామిని చూసి, మా అవ్వ ఇంట్లో కూడా ఇట్లే అని చాలాసేపు చెప్పుకున్నారు. అటువంటివాళ్ళు రాకపోలేదు. వాళ్ళు వెళ్ళినాక గది మళ్ళీ ఖాళీ. గడప దగ్గర కుర్చీలో నేను, ముందరి హాల్లో గాలాల చుట్టూ జనం.

నేను ఓర్చుకోలేనిది మూడో రోజు జరిగింది. ఆ సాయంత్రం ఒక పెద్దమనిషి వచ్చినాడు, వెంట పేపరువాళ్ళు. పెయింటర్ సార్ ఆయనను తీసుకొని నేరుగా నా గదికే వచ్చినాడు. నాకు మంచి చేద్దామనే తెచ్చినాడు, అది కూడా తెలుసు. నేను కుర్చీలోంచి లేచినాను. "సార్, ఇక్కడ..." అని బోర్డు వైపు చెయ్యి చూపించబోయినాను. సార్ నన్ను చూసి, 'ఈ ఒక్కసారికి' అన్నట్టు కళ్ళతోనే బతిమాలినాడు. నిగనిగలాడే నల్లబూట్లు గడప దాటి, పెద్దమ్మ సామి ముందర పోయి నిలబడినాయి. కెమెరాలు మెరిసినాయి. "వెరీ నైస్, వెరీ హోమ్లీ" అన్నాడాయన. నేను చెయ్యి దించుకొని, నవ్వి, నమస్కారం పెట్టినాను. ఆ నమస్కారం తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులమీద నాకే కోపమొస్తుంది.

మరుసటి రోజు పేపర్లో ఆ ఫోటో వచ్చింది. కింద ఏం రాసినారో పెద్దమ్మకు అక్కరలేదు, ఆమెకు చదువు రాదు. ఆమె కోడలు పేపరు తెచ్చి చూపించిందంట. నన్ను పిలిపించినారు. పెద్దమ్మ పేపరు ఒళ్ళో పరుచుకొని కూర్చోనుంది.

"బూట్లు బాగా తుడిచినాడు, చూడు. మన సామి మొహం అందులో కనబడతా ఉంది" అంది.

నేను వంగి పేపరు చూసినాను.

"నువ్వు యాడుండావప్పుడు?"

"గడప కాడే ఉండాను పెద్దమ్మా."

"నోట్లో ఏముండాది? బెల్లమా?"

కోడలు వంటింట్లోంచి, "పోనీ అత్తా, పావం, ఆమె మాత్రం ఏం చేస్తుంది, అంతమంది మొగోళ్ళు" అంది. పెద్దమ్మ అటు చూడనే లేదు. "నేనడిగింది మొగోళ్ళను కాదే, ఈమెను. మాటిచ్చింది ఈమె."

క్షమించమన్నాను. "నన్నడిగితే ఏమొస్తాది? మా సామిని ఇంటికి తీసుకోని రా" అంది.

ఎగ్జిబిషన్ ఇంకా నాలుగు రోజులుంది. పోయి సార్‌ను అడిగినాను. కేటలాగులో ఆరు అని అచ్చేసినాము, ముగిసేదాకా ఒక్కటి కూడా దించకూడదు అన్నాడు. మీ కోసం ఎంత చేసినానమ్మా అని కూడా అన్నాడు, నిజంగా నొచ్చుకొనే. అవును, చేసినాడు. "మీరు చేసింది మరిచిపోను సార్" అని చెప్పి, ఆయన ముందరే మేకునుంచి పెద్దమ్మ సామి ఫ్రేము దించి, పాత దుప్పటిలో చుట్టుకున్నాను. ఆయన ఆపలేదు, అట్లని సరేననలేదు. గోడమీద మేకు, దాని కింద నా పేరు చీటీ మిగిలినాయి. తక్కిన అయిదు ఇళ్ళవాళ్ళకూ ఏం చెప్పాలో తెలియక ఆ అయిదూ అక్కడే వదిలేసినాను. అది సరో కాదో నాకిప్పటికీ తెలియదు.

పెద్దమ్మ ఫ్రేము అద్దం తడిగుడ్డతో తుడిచింది, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచింది. ఎక్కడ పెట్టాలో ఆమెకు కూడా తోచలేదు. అసలు సామి పలకమీద ఉండగా ఆయన ఎదురుగా ఆయన ఫోటోనే ఎట్లా పెట్టేది? కడకు బీరువా తీసి, తన పట్టుచీరల నడుమ పెట్టి తలుపేసింది. కాఫీ ఇచ్చింది. తాగినాను. బాగుందని చెప్పినాను, నిజంగానే బాగుండింది.

లేచేముందు ఎట్లనో ధైర్యం తెచ్చుకొని అడిగినాను. "వెనక వీధిలో కూడా ఇట్లా కొన్ని ఇళ్ళుండాయి పెద్దమ్మా. పోయి అడగనా?"

ఆమె గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది.

"అడుగు. ఇస్తారో ఇవ్వరో వాళ్ళిష్టం" అంది. "నా పేరు మాత్రం చెప్పొద్దు."