బయలుదేరిన వేళ

పంతొమ్మిదివందల యాభైల్లో నేను ఏలూరు ఆరోగ్యశాఖలో గుమాస్తాని. కొల్లేటి ఒడ్డున ఉన్న చిన్న కాన్పుల ఆసుపత్రిని ఒక నర్సమ్మగారు నడిపేవారు. గర్భిణి పడవ దిగగానే నాడి పట్టుకుంటూ, "ఎప్పుడు బయల్దేరారమ్మా?" అని అడిగి, ఆ వేళను రిజిస్టరులో రాసేవారు.

ఇంగ్లండులో చదివొచ్చిన మా కొత్త ఆఫీసరుగారు ఈ ఆసుపత్రిలో మరణాల సంఖ్య చూసి, దాన్ని మూసేద్దామనుకున్నారు. నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు.

"ఇంగ్లండు సంగతి అలా ఉంచండి, ఏలూరులోనే ఇంతమంది తల్లులు పోవడం లేదు," అన్నారాయన.

"అక్కడివాళ్ళు ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరతారండీ?" అంటూ ఆవిడ రిజిస్టరు తెరిచారు. చనిపోయినవారిలో చాలామంది ముందురోజే ఇల్లు కదిలినవారు.

తరవాత ఆవిడ మమ్మల్ని సరస్సు మధ్యనున్న కొల్లేటికోట అనే ఊరికి తీసుకెళ్ళారు. వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన, పడవ దొరక్క తన కోడలు ఇంట్లోనే కన్నుమూసిందని చెప్పాడు.

"ఈ అమ్మాయి ఏ లెక్కలో ఉంది?" అన్నారు ఆఫీసరుగారు.

"ఎందులోనూ లేదండీ. ఇంటిదగ్గర పోయినవాళ్ళ వల్ల ఏ ఆసుపత్రికీ చెడ్డపేరు రాదండి. ఏ దేశానికీ రాదండి," అన్నారు నర్సమ్మగారు.

ఆయన ఆసుపత్రి మూయలేదు సరికదా, పడవ మంజూరు చేశారు. అంతవరకు ఇళ్ళలోనే ఉండిపోయిన కష్టమైన కాన్పులు ఆ పడవలో ఆసుపత్రికి చేరాయి. చాలామంది బతికారు. ఆలస్యమైనవారు కొందరు పోయారు. ఏడాది చివర మరణాల సంఖ్య ఇంకా పెరిగింది. ఆవిడ ఒక్కటీ దాచకుండా రాసి పంపారు. అంకెలు దిద్దేవాళ్ళను ఎందరినో చూసిన నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది.

"సంజాయిషీ అడగమంటారా?" అన్నాను.

"వద్దు," అన్నారు ఆఫీసరుగారు. "లెక్క ఇప్పుడే సరిగ్గా వస్తోంది."