కృష్ణకు అవతల అక్క ఊరు

కొల్లాపూర్ దాటాక నేల గుట్టలుగా లేస్తుంది. అక్కడి నుంచి నల్లమల. ఆ గుట్టలను కోసుకుంటూ కృష్ణ పారుతుంది. ఇవతలి ఒడ్డున మా ఊరు. అవతలి గుట్టల వెనుక అక్కను ఇచ్చిన ఊరు. పడవ దాటి ఆటో పట్టుకుంటే పూటలోపే చేరేవాళ్లం. ఏరు నిండుగా వస్తే పడవలు ఆగిపోతాయి. అప్పుడు పెబ్బేరు పోయి, బీచుపల్లి దగ్గర వంతెన దాటి, కర్నూలు, ఆత్మకూరు మీదుగా గుట్టలన్నీ చుట్టుకుని పోవాలి. సంబంధం కుదిరినప్పుడు ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

అక్క పోయిందన్న ఫోన్ వానాకాలంలో, తెల్లవారుతుండగా వచ్చింది. జ్వరమని దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందని బావ చెప్పాడు. నేనూ అమ్మా రేవుకు పరుగెత్తాం. ఎర్రటి నీళ్లు చెట్ల కొమ్మలను మోసుకుపోతున్నాయి. పడవాయన తాడు విప్పనన్నాడు. అమ్మ బతిమాలలేదు.

"గుట్ట అవుతలికి ఇస్తున్నమనుకుంటిమి, బిడ్డా. దేశం అవుతలికి ఇచ్చినం," అంది.

కారు మాట్లాడుకుని బయలుదేరాం. దారి పొడవునా గుట్టలు మా ఎడమవైపే ఉన్నాయి, కాసేపు కనబడుతూ, కాసేపు వానలో కలిసిపోతూ. ఇంకా ఎంతసేపు ఉంచాలని పెద్దలు తొందర పెడుతున్నారని బావ మళ్లీ ఫోన్ చేశాడు. ఆ తర్వాత సిగ్నల్ అందలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

పొద్దు వాలాక చేరాం. అక్కను ఇంకా లేపలేదు. శవం పక్కనే కూర్చుని అక్క అత్త ఎవరినీ ముట్టనివ్వలేదట. "కన్నతల్లి చూడకుండా ఎట్ట ఎత్తుకపోతారు?" అని ఊరి పెద్దలకు ఎదురుచెప్పిందట. ఆమె గురించి అంతవరకు మాకు తెలిసినవన్నీ అక్క చెప్పుకున్న బాధలే. అమ్మ అక్క ముఖం నిమిరి, లేచి, అక్క అత్త పక్కకు పోయి కూర్చుంది.

దినాలయ్యేదాకా అక్కడే ఉన్నాం. ఒకరోజు పొద్దున అమ్మ వాకిట్లో నిలబడి ఉత్తరం వైపు చూసింది. ఆ ఒడ్డు నుంచి చూస్తే గుట్టలు నిటారుగా, నల్లగా ఉన్నాయి. ఇవి మన గుట్టలేనా అని నన్ను అడిగింది. అవునన్నాను. ఆమె నమ్మినట్టు లేదు.

ఎండాకాలంలో నీళ్లు తగ్గాక అక్క అత్త ఒక్కతే పడవెక్కి మా ఇంటికి వచ్చింది. అమ్మా ఆమే గడపలో కూర్చుని పల్లికాయలు ఒలిచారు. అక్క పేరు ఇద్దరూ ఎత్తలేదు. పోయేటప్పుడు అమ్మ ఆమెను రేవుదాకా సాగనంపింది.