సైకిలుకు బరాత్ దీపం

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఏ విద్యనైనా మూడు రోజుల ఉచిత డెమో చూసి నేర్చుకోవచ్చునని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. నమ్మడమే కాదు, దాని మీదే బతికేవాణ్ణి. మైత్రీవనం పక్క సందులో నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసిన చోట, కోర్సయినా ఉద్యోగం రాని నా మీద జాలిపడి సారు ఒక పని ఇచ్చారు. కొత్త బ్యాచి డెమో జరిగే రోజున నేను కూడా కొత్తగా వచ్చినవాడిలా ముందు వరుసలో కూర్చోవాలి. సారు పాఠం ముగించి సందేహాలున్నాయా అనగానే, పొద్దున ఆయనే చెప్పిపెట్టిన సందేహాన్ని అప్పుడే తట్టినట్టు మొహం పెట్టి అడగాలి. ఆయన దానికి తడుముకోకుండా జవాబు చెబుతారు. నేను తల ఊపాలి. (తల ఊపడంలో నాకున్న ప్రతిభను తర్వాత రెండు ఆఫీసుల్లో మేనేజర్లు మెచ్చుకున్నారు.) అలా జనానికి అరచేతిలో వైకుంఠం చూపించడంలో చిన్న చెయ్యి వేస్తూ వేస్తూ, లోకంలో ఏ వస్తువైనా డెమోలో బాగా పనిచేస్తే చాలు, ఇక జీవితమంతా బాగా పనిచేస్తుందనే భ్రమలో నేనే పడిపోయాను.

మాది తుని దగ్గర. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో గదికి నలుగురం. నలుగురం నాలుగు వైపులా తిరిగి పడుకునేవాళ్లం. ఎవరి ఇంటర్వ్యూ వాళ్లది, ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్లవి. ఎనిమిది నెలల్లో నాతో చాలామంది మాట్లాడారు. మెస్‌లో జరగమన్నవాళ్లున్నారు, మెట్రో స్టేషన్‌కి దారి అడిగినవాళ్లున్నారు. కానీ ఫలానా చోటికి పోతున్నాం, నువ్వూ రా అని పిలిచిన మనిషి ఒక్కడూ లేడు. ఆ మాట ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పట్లో ఆదివారం సాయంత్రాలు చాలా కష్టంగా ఉండేవి.

అలాంటి నన్ను జిరాక్సన్న పిలిచాడు. మైత్రీవనం దగ్గర కోర్సు మెటీరియల్ జిరాక్సులు తీసి, స్పైరల్ బైండింగు చేసి అమ్మేవాడాయన. నలభై దాటిన మనిషి, పిక్కలు మాత్రం ఇరవై ఏళ్లవాడివి. శని, ఆదివారాల్లో నలుగురైదుగురిని వెంటేసుకుని సైకిళ్ల మీద అడవి దారులు పట్టేవాడు. హాస్టల్ ఖాళీ చేసిన సీనియర్ ఒకాయన వదిలేసిన గేర్ల సైకిలు నా దగ్గర ఉండేది. దాన్ని నేను రోజూ ఆయన షాపు ముందు ఆపడం చూసి, ఒకనాడు మిషన్ మీంచి తల ఎత్తకుండానే, వచ్చే శనివారం వికారాబాద్ దాటాక అడివి తొవ్వ పడుతున్నాం, చీకటి పడ్డాక రెండు గంటల తొక్కుడు, చెరువు గట్టున పడక, వస్తవా అని అడిగాడు. బొంత, బట్టలు, నీళ్లు ఎవరివి వాళ్లే సైకిలుకు కట్టుకోవాలట, లైటు మాత్రం మంచిది ఉండాలట. నేను వస్తానని చెప్పడానికి తీసుకున్న సమయంలో ఆయన మిషన్ ఒక కాగితం కూడా బయటికి నెట్టలేదు.

ఇక లైటు మీద పరిశోధన మొదలుపెట్టాను. మనిషికి తెలివితేటలు అవసరమైన చోట తప్ప అన్నిచోట్లా ఉంటాయనడానికి నేనే ఉదాహరణ. పదమూడు రకాల లైట్లకు పట్టిక గీశాను. ఏది ఎంత వెలుగు ఇస్తుంది, ఎంత దూరం కొడుతుంది, వానలో తడిస్తే ఏమవుతుంది, అన్నీ రాశాను. చివరికి అన్నింటిలోకీ ఎక్కువ వెలుగున్నదాన్ని తెప్పించాను. (మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.) గురువారం సాయంత్రం హాస్టల్ డాబా మీద డెమో పెట్టాను. ఉత్త సైకిలు, హ్యాండిల్ మీద లైటు. మీట నొక్కగానే నాలుగు ఇళ్ల అవతలి గోడ మీద రాజకీయ పోస్టరులోని మీసాలు కూడా లెక్కపెట్టేటంతగా కనబడ్డాయి. ఎదురు డాబా మీద బట్టలు తీస్తున్న పెద్దాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను ఏదో అన్నాడు, దూరం వల్ల సగమే వినబడింది. నా గదివాళ్లు ముగ్గురూ ఇయర్‌ఫోన్లు తీసి చప్పట్లు కొట్టారు. డెమో దిగ్విజయం.

ఆ ఊపులోనే సామానంతా కట్టేసుకుని జిరాక్సన్న షాపు ముందుకు వెళ్లాను. బొంతను చాపలో చుట్టి హ్యాండిల్‌కి అడ్డంగా కట్టాను, సీటు వెనక సంచీ వేలాడదీశాను. సందులో అప్పటికే దీపాలు పెట్టే వేళయింది. లైటు వేశాను. ఆ చాప మా అమ్మ తునిలో కొన్నది, నాలుగేళ్లుగా దాని మీదే పడుకుంటున్నాను, దాని ఆకుపచ్చ అంచులో అంత అందమైన నేత ఉందని ఆ రోజే చూశాను. వెలుగంతా చాప మీదే పడింది, చాప ముందు నా చక్రం కూడా నాకు కనబడలేదు. వెనక ఎర్ర దీపం సంచీ కింద ఎక్కడో వెలుగుతూ ఉండి ఉంటుంది, దానికే తెలియాలి. ఆ సైకిళ్ల జట్టులోనే ఉండే బ్యాంకు అక్క (బేగంపేటలో ఉద్యోగం, మాట మాత్రం గుంటూరు) అప్పుడే షాపుకు వచ్చి ఉంది. "ఏంటి తమ్ముడూ, చాపకి ఫోటో తీస్తున్నావా?" అంది. జిరాక్సన్న నవ్వలేదు. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"తమ్మీ, లైటు మంచిగున్నది. గని అది నీ బొంతను చూపిస్తున్నది, తొవ్వను కాదు. రేపు పొద్దుగూకేవరకు సక్కగ కట్టుకొని చూపెట్టు. లేకుంటె గీసారికి వద్దు. అడివిల పడ్డవంటె ఆడ దవాఖాన సుత లేదు."

ఆయన అన్నది న్యాయం. న్యాయమైన మాటకి కోపం కూడా తెచ్చుకోలేం కాబట్టి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎనిమిది నెలలకు వచ్చిన ఒక్క పిలుపు ఒక చాప వల్ల పోయేటట్టుంది. శుక్రవారం పొద్దున లైటును హెల్మెట్‌కి ఎలాస్టిక్‌తో కట్టి చూశాను. దాని బరువుకి హెల్మెట్ ముక్కు మీదికి జారింది, సరిచేసుకుని తల ఎత్తితే మాట్లాడే ప్రతివాడి కళ్లలోనూ పోలీసు విచారణలోలాగా కొట్టింది. మధ్యాహ్నం సారును బతిమాలి డెమోకి సెలవు పెట్టి (ఆ రోజు ఎవరికీ సందేహాలు రాలేదట) పంజాగుట్టలో సైకిలు షాపులన్నీ తిరిగాను. చాప ముందుకు లైటును తెచ్చే బిగింపు ఒకటి ఉందన్నారు, కానీ తెప్పించాలి, నాలుగు రోజులు పడుతుందన్నారు. నాకున్నవి నాలుగు గంటలు.

సామానుతో సహా సైకిలును నడిపించుకుంటూ ఒక గల్లీలో తిరిగి వస్తుంటే, ఒక షట్టరు ముందు పెళ్లి ఊరేగింపు దీపాలు వరసగా పెట్టి తుడుస్తున్న ముసలాయన కనిపించాడు. బరాత్‌లలో మనుషులు నెత్తి మీద మోసుకుపోయే దీపాలు. గళ్ల లుంగీ, తెల్ల గడ్డం, మెడలో కళ్లద్దాల తాడు. ఆయన నన్ను, నా చాపను, దాని వెనక లైటును చూసి గుడ్డ పక్కన పెట్టాడు.

"ఏంది బేటా, సైకిల్‌కు శాదీ చేస్తున్నవా?"

నవ్వుతాడని తెలిసీ ఉన్నదంతా చెప్పేశాను. ఆదివారం సాయంత్రాల సంగతి కూడా ఎందుకో చెప్పాను. ఆ ముసలి చాచా నవ్వలేదు, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. తర్వాత హ్యాండిల్ మీంచి లైటు విప్పి, కిందికి వంగి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మీద పెట్టి చూశాడు. అక్కడ చాప అడ్డం లేదు. కానీ అంత కిందినుంచి దూరం ఏం కనబడుతుందని నేను నా పట్టికలో అంకెలన్నీ అప్పజెప్పాను. ముప్పై ఏళ్లు గతుకుల గల్లీల్లో దీపాలు నడిపించిన మనిషి ఆ అంకెలన్నీ మర్యాదగా విన్నాడు.

"లైటు పైకెల్లి కొడితె గుంత సుత సాఫ్ నేల లెక్కనే కనబడ్తది బేటా. కిందికెల్లి కొడితె గుంతకు నీడ పడ్తది. ఆ నీడ చూసుకొని తొక్కు, ఫికర్ లేదు."

పాత ట్యూబును ఉంగరాల్లా కత్తిరించి, కింద గుడ్డముక్క చుట్టి, ఆ రబ్బరు ఉంగరాలతో లైటును ఫోర్కుకు బిగించాడు. నేను ఊపాను, తన్నాను, సైకిలును ఎత్తి కింద పడేశాను. లైటు కదల్లేదు. వెనక ఎర్ర దీపాన్ని సంచీ కిందినుంచి తీసి సంచీ బయటి పట్టీకి కట్టాడు. మీట నొక్కగానే, అప్పటికే మసక పడిన ఆ ఇరుకు గల్లీ నేల మీద సైకిలుకు అడుగు దూరంలో నాకంతవరకు తెలియని ఎత్తుపల్లాలన్నీ నీడలతో లేచి నిలబడ్డాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. వెళ్లబోతుంటే చాచా నా భుజం పట్టుకుని ఒక్కటే చెప్పాడు. "ఫుల్ మీద పెట్టకు. మేము సుత పెండ్లిపిల్ల ఇల్లు దగ్గరికొచ్చినంకనే ఫుల్ పెడ్తం. షురూల్నే బ్యాటరీ అంత కాల్చినోడు గేటు కాడ అంధేరాల నిలబడ్తడు."

షాపు ముందు జిరాక్సన్న సైకిలును రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఊపి చూశాడు. రబ్బరు ఉంగరాలను వేలితో లాగి చూసి, ఎవరు కట్టిన్రు అని అడిగాడు. చెప్పాను. శనివారం మూడింటికి రమ్మన్నాడు.

శనివారం ట్రాలీ ఆటోలో సైకిళ్లు వేసుకుని వికారాబాద్ దాటి దిగేసరికి పొద్దు గూకుతోంది. నేను, జిరాక్సన్న, బ్యాంకు అక్క, జట్టులో ఇంకో ఇద్దరు కుర్రాళ్లు, మొత్తం అయిదుగురం. మట్టి దారి, రెండు వైపులా చెట్లు, ఎర్రటి దుమ్ము. నేను లైటు వేశాను. ఎంత వెలుగు మీద వేశానని అడగకండి. పట్టిక గీసి తెప్పించిన లైటును సగం వెలుగులో వాడటానికి నాకు మనసొప్పలేదు. ఫుల్ పెట్టాను. ఒక గంట నేనే ముందున్నాను. ప్రతి రాయి, ప్రతి గుంత నీడతో సహా ముందే చెప్పి మరీ ఎదురొచ్చింది. కల్వర్టు దాటాక దారి ఇంకా అందంగా కనబడటం మొదలైంది. వెలుగు వెడల్పయింది, పక్కనున్న పొదలు కూడా తెలుస్తున్నాయి. ఇంకో విచిత్రం కూడా గమనించాను. నా ముందు నా నీడలు రెండు, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, బొంత చాపతో సహా పరుగెడుతున్నాయి. కింద కట్టిన దీపం మహిమ ఇలా ఉంటుందన్నమాట, ఈ సంగతి ఏ పట్టికలోనూ రాయలేదే అనుకున్నాను. దీపం ముందుంటే నీడ వెనక్కి పడాలని ఇంజనీరింగు చదివిన నాకు గంటసేపు తోచలేదు.

చెరువు గట్టుకు చేరగానే సైకిలు స్టాండు వేసి, అందరినీ పిలిచి, అలవాటు చొప్పున డెమో మొదలుపెట్టాను. లైటు ఎక్కడ కట్టాలి, ఎందుకు కట్టాలి, నీడ వల్ల లాభమేమిటి, రెండు నీడలుంటే మరీ ఎంత సుఖం. అయిదు నిమిషాలు ధారాళంగా చెప్పాను. బ్యాంకు అక్క ఫ్లాస్కులోంచి టీ పోస్తూ, ఎంతో శ్రద్ధగా, ఆ రెండో నీడ గురించి కాస్త వివరంగా చెప్పమంది. చెప్పాను. ఇప్పుడు ఒకసారి చూడండి అని వంగి లైటు వైపు చెయ్యి చూపించాను. అది వెలగడం లేదు. మీట నొక్కాను. మళ్లీ నొక్కాను. అప్పుడు కుర్రాళ్లలో ఒకడు నవ్వాపుకోలేక కడుపు పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"కల్వర్టు కాడనే బందయింది తమ్మీ," అన్నాడు జిరాక్సన్న. "నేను గీ దిక్కు, అక్క ఆ దిక్కు పట్టుకున్నం. మంచిగ తొక్కుతున్నవ్, మస్తు ఖుషీగున్నవ్. ఎందుకు ఆపుడని ఊకున్నం."

గంటసేపు ఇద్దరు మనుషులు తమ లైట్లను తమ దారి మీంచి తిప్పి, నా చక్రం ముందు పెట్టి, నా వేగానికి తమ వేగం తగ్గించుకుని వచ్చారు. అక్క రెండుసార్లు గుంతలో పడబోయిందట, ఆ సంగతి ఆ నవ్విన కుర్రాడే చెప్పాడు. నేను సామాను సర్దుకుంటున్నట్టు సైకిలు వెనక్కి వెళ్లాను. కళ్లు తుడుచుకుంటుంటే అక్క చూసింది, దుమ్ము అన్నాను, ఈ దారిలో దుమ్మెక్కువే అంది. అంత కృతజ్ఞత నాకు అంతకుముందు ఎవరి మీదా కలగలేదు, ఉద్యోగం ఇచ్చినవాళ్ల మీద కూడా తర్వాత కలగలేదు.

సోమవారం చాచా దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఫుల్ పెడతానని ఆయనకు ముందే తెలుసట, కుర్రాళ్లందరూ పెడతారట. దీపం మోసేవాడి నెత్తి మీది వెలుగు వాడి కాళ్ల ముందు పడదని, పక్క వరసవాడి వెలుగులోనే వాడు నడవాలని, అందుకే తాము ఎప్పుడూ రెండు వరసలు నడిపిస్తామని, బల్బులు తుడుస్తూ మామూలుగా చెప్పాడు. ఆయన వ్యాపార రహస్యం చెబుతున్నాడనే అనుకుని నేను తల ఊపాను.

ఇప్పుడు బేగంపేటలో నాకో కుర్చీ, టేబులు ఉన్నాయి, ఆదివారాలు సైకిలు మీదే గడుస్తాయి. మొన్న శనివారం ఒక కొత్త అమ్మాయి మాతో వచ్చింది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్, కోచింగు, మెరిసిపోతున్న కొత్త లైటు. సగం దారిలో అది ఆరిపోయింది. నేను ఒక పక్కకు, జిరాక్సన్న ఇంకో పక్కకు చేరాం, ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు. గట్టు చేరాక ఆ అమ్మాయి ఎంతో ఉత్సాహంగా తన లైటు గురించి చెప్పుకొచ్చింది, ఇంత మంచి వెలుగు తను ఊహించలేదంది. నేను చివరిదాకా విని, అది ఎక్కడ కొన్నావమ్మా, నేనూ ఒకటి తీసుకుంటాను అన్నాను.