ఎడమ చెవిలో కూనిరాగం

చుట్టల మేస్త్రి అని పేరేగానీ ఆయన జన్మలో చుట్ట ముట్టించి ఎరగడు. కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుడతాడు గనక బజారు పెట్టిన పేరది. ఒకప్పుడు ఆ తీగ చుట్టింది భార్య. చుట్లు లెక్క తప్పకుండా కూనిరాగం తీస్తూ చుట్టేది. ఆమె పోయిన మరుసటేడు ఆ రాగం ఆయన ఎడమ చెవిలో మొదలైంది.

మొదట మోటార్లదే అనుకున్నాడు. స్క్రూడ్రైవరు మొన మోటారుకీ, పిడి చెవికీ ఆనించి బేరింగు బాగోగులు వినడం ఆ పనివాళ్ల అలవాటు. ఏ మోటారు చూసినా గుయ్యిమంటోంది. బాగున్న బేరింగులన్నీ పీకి పారేశాడు. చూసిచూసి కూతురంది: "నాన్నా, ఒక్కసారి కుడి చెవికి పెట్టుకుని చూడు."

మోటారు మెత్తగా తిరుగుతోంది. మళ్లీ ఎడమకు మార్చి, మోటారు ఆపేశాడు. రాగం ఆగలేదు.

స్కానులో బయటపడింది. పుర్రె అడుగున, చెవి నరాన్ని అంటుకుని గోళీకాయంత గడ్డ.

"క్యాన్సర్ కాదండీ," అంది డాక్టరమ్మ. "కానీ పెరిగితే మెదడును నొక్కేస్తుంది. చెవి వెనక చిన్న రంధ్రం చేసి తీస్తాం. ఎముక మలుపు చాటున ఉన్న ముక్క మైక్రోస్కోపుకి అందదు. అక్కడికి ఎండోస్కోపు పంపుతాం. సన్నటి గొట్టం, పక్కకి చూసే కన్ను. ఆ చెవి వినికిడి మాత్రం దక్కకపోవచ్చు."

"మరి లోపలి చప్పుడు?"

"పోతే పోవచ్చు. చెప్పలేం."

మెట్లు దిగుతూ, "నాకొద్దమ్మా. అది మీ అమ్మ," అన్నాడు.

"అమ్మే ఉంటే ఆ చెవే పట్టుకుని నిన్ను బల్ల మీద పడుకోబెట్టేది," అంది కూతురు. ఆయనకు నవ్వొచ్చింది. ఒప్పుకున్నాడు.

ఆపరేషనయ్యి మెలకువ వచ్చేసరికి ఎడమ చెవికి లోకం లేదు. రాగం ఉంది. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికొచ్చాక తెలిసింది. ఇదివరకు బజారు గోల దాన్ని కాసేపైనా కప్పేసేది. ఇప్పుడా చెవిలోకి మరేదీ రాదు. బతికున్నప్పుడు ఆమె ఊపిరి పీల్చుకోడానికైనా ఆపేది. ఇది ఆపదు.

మధ్యాహ్నం కూతురు మాత్రలు తీసుకుని గదిలోకి వచ్చింది. ఎడమ పక్కే నిలబడింది కాబట్టి ఆయనకు తెలియలేదు. గోడ వైపు చూస్తూ ఎవరితోనో మెల్లగా అంటున్నాడు:

"కాసేపు ఊపిరి తీసుకోవే. అలిసిపోతావు."

కూతురు ముందుకొచ్చి పలకరించలేదు. మాత్రలు చేతిలో పట్టుకుని, ఆ పక్కనే మంచం మీద చప్పుడు చేయకుండా కూర్చుంది.