ఒకటో వెసెల్ బొట్టు

గ్లోరియాకు పుంగనూరు శివార్లలోని రసాయన ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చినప్పుడు తల్లి యేసమ్మ చెప్పిన జాగ్రత్త ఒక్కటే.

"ఆడ అందురితో కూసోని అన్నం తిను. పక్కన కూసోని తినేదాన్ని ఎవురూ పరాయిదనుకోరు."

యేసమ్మ మదనపల్లె మిషన్ ఆసుపత్రి వంటగదిలో పనిచేసి రిటైరైంది. ఆమె అమ్మానాన్నలు కలకడ దగ్గర కూలికి పోయి బతికినవాళ్లు. ఎవరి పక్కన కూర్చోవచ్చో, ఎవరి పక్కన కూడదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఫ్యాక్టరీలో మందులకు కావలసిన ముడిసరుకు తయారవుతుంది. హైడ్రోజన్ షెడ్డులో ఒకే తీరున ఉండే రెండు పెద్ద ఉక్కు పాత్రలు ఉన్నాయి. వాటిని వెసెళ్లంటారు. హైడ్రోజన్ ఎక్కించే ముందు గ్లోరియా గ్యాస్ మీటరు, సబ్బునీళ్ల సీసా పట్టుకుని ప్రతి అతుకూ చూసుకుంటూ తిరగాలి. ఆమె సంతకం పడనిదే వాల్వు తెరవరు.

వెసెల్‌కు లోపల పలచటి స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగు, బయట మందపాటి ఉక్కు గోడ. ఆ బయటి గోడకు అక్కడక్కడా చిటికెనవేలు పట్టేంత కన్నాలు వదిలేస్తారు. తొడుగు ఎక్కడైనా చిట్లితే హైడ్రోజన్ ఆ కన్నంలోంచి బయటికొచ్చి సంగతి చెబుతుంది. ఏ కన్నం మూసుకుపోతే ఆ భాగంలో గ్యాస్ తొడుగు వెనకే ఇరుక్కుంటుంది. తొడుగును లోపలికి ఉబ్బిస్తుంది, బయటి ఉక్కులోకి ఇంకి దాన్ని పెళుసు చేస్తుంది. అలాంటి గోడ ముందుగా చెప్పి పగలదు.

షెడ్డులో పెద్దాయన ఈశ్వరప్ప. కుప్పం మనిషి. వెసెళ్లు దిగిన రోజు నుంచి వాటిని నడుపుతున్నది ఆయనే. మొదట్లో గ్లోరియా వస్తే మగవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. ఒకరోజు ఈశ్వరప్ప తన క్యారియర్ ఆమె ముందుకు జరిపి, "సంగటి తింటావా, లేకుంటే బ్రెడ్డేనా?" అన్నాడు. ఆమె సంగటి అందుకుంది. ఆ రోజు నుంచి అందరూ గుండ్రంగా కూర్చుని కలిసే తినేవాళ్లు.

ఒక ఉదయం రెండో వెసెల్ ముందువైపు కన్నం మీద సబ్బునీళ్లు చల్లుతూ ఆమె తల తిప్పి ఒకటో దాన్ని చూసింది. సరిగ్గా అదే చోట ఎర్రటి బొట్టు ఉంది. ఆయుధపూజకు షెడ్డంతటికీ కలిపి ఒకటో దానికే పెట్టే కుంకుమ వెసెల్ వేడికి రాలిపోతోందని ఈశ్వరప్ప దాన్ని ఎనామిల్ పెయింట్‌లో కలిపి పెట్టాడు. ఏటేటా దాని మీదే ఇంకో పూత. గ్లోరియా ఇన్నాళ్లూ ఆ బొట్టు మీదే సబ్బునీళ్లు చల్లి, బుడగ రాలేదని సంతకం పెట్టింది. మూసేసిన కన్నంలోంచి బుడగ ఎలా వస్తుంది?

ఆ రోజు ఆమె సంతకం పెట్టలేదు. ఇంజనీరు భీమరావుకు చెప్తే పనైపోతుంది. కానీ క్రైస్తవురాలు బొట్టు తుడిపించిందనే మాట సాయంత్రం బస్సు కదిలేలోపు ఫ్యాక్టరీ అంతా తిరుగుతుంది. ఆమె ముందు ఈశ్వరప్ప దగ్గరికే వెళ్లింది.

"అన్నా, ఆ బొట్టు కింద కన్నముండాది. తీసి, జానెడు పైకి పెట్టుకోన్నా."

"దేవుడికి జాగా నువ్వు సూపిస్తాండావా?"

"దేవుడికి కాదన్నా. గ్యాసుకు."

ఫిట్టర్ మనోజ్ నవ్వాడు. ఈశ్వరప్ప నవ్వలేదు.

"మీ చర్చిలో సిలువను జానెడు జరపమంటే జరుపుతావా?"

"దానెనక హైడ్రోజనుంటే జరుపుతాన్నా."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. పని ఆగింది. కాసేపటికి భీమరావు వచ్చాడు.

"ఏమ్మా, సంతకం యాల పెట్టలా?"

షెడ్డులో అందరూ ఆమెనే చూశారు.

"ముందువైపు కన్నానికి పెయింట్ అడ్డం పడింది సార్. తీస్తే పెడతాను."

బొట్టు అనే మాట ఆమె నోట రాలేదు. భీమరావు వెసెల్ వైపు చూశాడు, తర్వాత ఈశ్వరప్ప వైపు. "తీయండి," అన్నాడు.

మనోజ్ ముందుకొస్తే ఈశ్వరప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "నేను పెట్టినాను, నేనే తీస్తా." నిప్పురవ్వ లేవకుండా ఇత్తడి గోకుడుపుల్ల తెచ్చుకున్నాడు. చెప్పులు విడిచి, పెదవులు కదిలించి, గోకడం మొదలుపెట్టాడు. పెయింట్ పొరలు పొరలుగా ఊడింది. ముందురోజే వెసెల్‌ను నైట్రోజన్‌తో కడిగారు కాబట్టి లోపల హైడ్రోజన్ ఉండే వీల్లేదు. అయినా చివరి పెచ్చు ఊడగానే కన్నంలోంచి బుస్సుమని గ్యాస్ వచ్చింది. గ్లోరియా చేతిలోని మీటరు కూత పెట్టింది.

అందరినీ బయటికి పంపించి, భీమరావు ఆ వెసెల్‌ను వాడకం నుంచి తప్పించాడు. తర్వాత తెరిచి చూస్తే తొడుగు ఒక అతుకు దగ్గర వెంట్రుకంత చిట్లి, పక్కన అరచేతిమేర ఉబ్బి ఉంది. బయటి ఉక్కు ఇంకా పాడవలేదని పరీక్షలో తేలింది. తొడుగు మార్చారు.

భోజనాల దగ్గర ఆ గుండ్రం మాత్రం చెదిరింది. ఈశ్వరప్ప క్యారియర్ పట్టుకుని అవతలి మూలకు పోయాడు. మనోజ్ ఒకరోజు అటు, ఒకరోజు ఇటు కూర్చునేవాడు. ఇంట్లో యేసమ్మ అడిగితే గ్లోరియా, "తింటాండాములేమ్మా," అని ఊరుకుంది.

ఆయుధపూజ వచ్చింది. ఈశ్వరప్ప కుంకుమ పళ్లెంతో ఒకటో వెసెల్ ముందు నిలబడ్డాడు. పళ్లెంలో పెయింట్ లేదు. గ్లోరియా నాలుగడుగుల దూరంలోనే ఉంది.

"మనోజూ, ఆ యమ్మనడుగు, యాడ పెట్టాల్నో."

మనోజ్ అడిగేలోపే గ్లోరియా సుద్దముక్కతో కన్నానికి పైన సున్నా చుట్టి వెనక్కి జరిగింది. ఈశ్వరప్ప ఆ సున్నాను చూశాడు. దానికి రెండు వేళ్లు పక్కన బొట్టు పెట్టాడు.

గ్లోరియా కంటితోనే కొలిచింది. కన్నానికి అది అంటదు. ఆమె సుద్దముక్క జేబులో వేసుకుంది.