ఢోలుకి వదిలిన జాగా

పోయిన నెల నెల్లూరులో మా తమ్ముడి మనవరాలి పెళ్లికి వెళ్లి, స్టేజీ పక్కన ఫ్యాను గాలి తగిలే చోటు చూసుకుని కూర్చున్నాను. వీడియో తీసే అతను రెండు మూడు సార్లు నా వైపు ఇబ్బందిగా చూసి, చివరికి దగ్గరికొచ్చి, "అవ్వా, రవ్వంత పక్కకి జరుగుతావా, ఫ్రేములో పడతా ఉండావు" అన్నాడు. జరిగాను. జరిగాక నవ్వొచ్చింది. ఒకప్పుడు ఇదే మాట ఎందరు అవ్వలతో అన్నానో, అదీ వచ్చీరాని అరబ్బీలో! అతని కెమెరా అరచేతిలో ఇమిడేంత ఉంది. నాది భుజం మీద ఒక బరువు, తోలు సంచిలో రికార్డరు ఇంకో బరువు. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు మా అమ్మ నా భుజం మీద కమిలిన మచ్చ చూసి, అల్లుడు కొడుతున్నాడేమోనని రెండు రోజులు ఆయనకి సరిగా అన్నం వడ్డించలేదు.

దుబాయ్‌లో, కరామాలో, మా ఆయనకి చిన్న స్టూడియో ఉండేది. ముందు పాస్‌పోర్టు ఫోటోలు, ఎనభైలు వచ్చేసరికి వీడియో క్యాసెట్లు, పెళ్లి వీడియోలు. అక్కడి పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు మగవాడు అడుగు పెట్టకూడదు. మా వీసాలకి పూచీ ఉన్న అరబ్బు, మా కఫీల్, ఆయన చెల్లెలి పెళ్లికి ఇదే చిక్కొస్తే, ఆయన మా ఆయన్ని అడిగాడట, "మీ ఇంటావిడకి కళ్లు లేవా?" అని. అట్లా వారం తిరక్కుండా నేను కెమెరామనిషినయ్యాను. మేం తెలుగు మాట్లాడే ముసల్మానులం. ఉర్దూ రాదని ఉర్దూవాళ్లు మమ్మల్ని సగమే లెక్కపెడితే, ముసల్మానులమని తెలుగువాళ్లు ఆ మిగతా సగమే లెక్కపెట్టేవాళ్లు. దుబాయ్‌లో ఆ బాధ లేదు, అసలెవరూ లెక్కపెట్టరు. పిల్లల్లేరు. ఒకే ఫ్లాట్‌ని చెక్క తడికతో రెండు చేసిన దాంట్లో సగం మాది. ఆయన పొద్దున పోతే రాత్రి వచ్చేవారు. పగలంతా నాతో మాట్లాడేది ఏసీ ఒక్కటే, అదీ మూలుగుతూ. పెళ్లిళ్లలో మాత్రం వందమంది ఆడవాళ్లను చూసేదాన్ని, ఒంటికంటితో, కెమెరా అద్దంలోంచి.

ఒకరోజు మధ్యాహ్నం స్టూడియోకి ఒక నల్లజాతి అమ్మాయి వచ్చింది. పొడుగ్గా, జుట్టు బాగా కత్తిరించుకుని, మగవాళ్ల చొక్కాలాంటిది వేసుకుని ఉంది. పుట్టింది లండన్‌లో. వాళ్ల అమ్మ ఎక్కడో సముద్రాల మధ్య దీవుల నుంచి వచ్చి అక్కడ నర్సుగా చేరిందట. ఈమె ఇక్కడ ఒక హోటల్లో సాయంత్రాలు పియానో వాయిస్తుంది. శుక్రవారాలు కెమెరా అద్దెకు కావాలంది. కొత్త కెమెరా, మా ఆయనకి ప్రాణం. "కెమెరా ఒక్కటే పంపించను. దాంతోపాటు మా ఇంటామె వస్తాది" అన్నారు. ఆ అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వి, "ఇంకా మంచిది" అంది.

వెళ్లిన చోట నాకు తెలిసిన మనిషే కనబడింది. పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఢోలు వాయించే మేళంలో ముందు కూర్చునే ఆమె. ఆఫ్రికా పక్కన జాంజిబార్ దీవిలో పుట్టి, అక్కడ గొడవలప్పుడు చిన్నతనంలోనే ఇంటివాళ్లతో ఈ ఒడ్డుకి వచ్చింది. పెళ్లయింది, విడాకులూ అయ్యాయి. పగలు కరామాలో ఆడవాళ్ల బట్టలు కుట్టేది, పెళ్లిళ్లకి ఢోలు వాయించేది. నేను మనసులో ఆమెను ఢోలక్క అని పిలుచుకునేదాన్ని. ఆమె అరబ్బీ, స్వాహిలీ, బజారు హిందీ కలిపి మాట్లాడేది. నేను హిందీలో నెల్లూరు తెలుగు కలిపేదాన్ని. ఇప్పటికీ నాకు ఆమె మాటలు తెలుగులోనే గుర్తున్నాయి.

వాళ్లిద్దరూ ఒక వీడియో తీస్తున్నారు. ఊళ్లో ఉన్న నల్లజాతి ఆడవాళ్లను ఒక్కొక్కరినే ఢోలక్క గదికి పిలిచేవాళ్లు. ఇథియోపియా నుంచి వచ్చి జడలు అల్లే ఆమె, సూడాన్ నర్సు, తరతరాలుగా ఈ ఒడ్డునే ఉన్న ఒక ముసలామె. ఒక్కొక్కరినీ అడిగేది ఒకటే, "నిన్ను నువ్వు ఏమని చెప్పుకుంటావు?" అని. జవాబయ్యాక ఒక పాట పాడాలి. పాటకి లండన్ అమ్మాయి కీబోర్డూ, ఢోలక్క ఢోలూ. ఏలకుల టీ కాగుతూ ఉండేది, సాంబ్రాణి పొగకి నా కెమెరా అద్దం మసకబారేది. ముసలామె మాత్రం ఆ ప్రశ్నకి, "నేను చెప్పుకునేదేముంది, అందరూ నా గురించి చెప్పేశారుగా" అని మూతి తిప్పి, పాట ఎత్తుకుంటే ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆ శుక్రవారాలు నా వారాన్ని మోసేవి. ఎవరూ నన్ను పనిమనిషిగా చూడలేదు. అలాగని వాళ్లలో ఒకదాన్నీ కాదు. టీ గ్లాసు నాకూ వచ్చేది. కెమెరా ఆపి తాగేలోపు చల్లారేది, అంతే తేడా.

చివరికి లండన్ అమ్మాయే కెమెరా ముందు కూర్చుంది. "నేను నల్లదాన్ని. ఆడవాళ్లను ప్రేమించేదాన్ని. పియానో వాయించేదాన్ని. వీళ్లు ముగ్గురు మనుషులు కాదు, ఒక్కతే" అంది. ఇంగ్లీషు నాకు అంతంతమాత్రం, కానీ అంత తేలిక మాటలు అర్థం కాకపోవడానికేముంది? ఆ తర్వాత ఢోలక్క వంతు. ఆమె ఏమీ చెప్పలేదు. ఢోలు మీద అరచెయ్యి పరిచి, లండన్ అమ్మాయి వైపు చూసి, మెల్లగా మొదలుపెట్టింది. నేను అద్దంలోంచి ఇద్దరి ముఖాలూ చూస్తున్నాను. పెళ్లికూతుళ్లను ఎంతోమందిని తీశాను, అట్లా చూసే ముఖం అంతకుముందు నాకు దొరకలేదు. దీనికి ఇప్పటి పిల్లలు ఫోన్లలో చదివి పేర్లు చెప్తారు. అప్పుడు నాకు పేరు తెలియదు. కెమెరా ఆపకుండా ఒక అడుగు ముందుకి వేశానని మాత్రం తెలుసు. ఆ ముక్క కొంచెం ఊగుతుంది.

వీడియో పూర్తయ్యాక ఒక శుక్రవారం మధ్యాహ్నం, తీసిన ఆడవాళ్లందరినీ పిలిచి చూపించారు. తమ ముఖాలు టీవీలో వస్తుంటే ఒకరినొకరు గిల్లుకుని నవ్వుకున్నారు. లండన్ అమ్మాయి మాటలు వచ్చేసరికి గది సద్దుమణిగింది. సూడాన్ నర్సు అర్థం చెప్పమంటే ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడంతోనే అందరికీ తెలిసిపోయింది. ఇద్దరు ముగ్గురు లేచి చెప్పులు వెతుక్కున్నారు. జడలు అల్లే ఆమె మాత్రం కదలకుండా కూర్చుని, అంతా అయ్యాక లండన్ అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి, "జుట్టు పెరిగింది, రేపు రా" అంది. ముసలామె ఇంకో టీ అడిగింది. వెళ్లినవాళ్ల ముఖాలూ, ఉన్నవాళ్ల ముఖాలూ నాకిప్పటికీ విడివిడిగా గుర్తున్నాయి.

మాట ఎవరి నోట బయటికి పోయిందో తెలియదు. హోటల్ ముదీర్, అంటే మేనేజరు, లండన్ అమ్మాయి కాంట్రాక్టు ఇక పొడిగించనన్నాడు. కారణం చెప్పలేదు. ఉత్తరాన రాస్ అల్ ఖైమా ఊరి నుంచి ఢోలక్క వాళ్ల అన్న వచ్చి, కుట్టుమిషనుతో సహా ఆమెను తన ఇంటికి తీసుకుపోయాడు. చెడ్డవాడు కాదు. గట్టిగా కూడా మాట్లాడలేదు, పికప్ వెనక మిషను కదలకుండా తాడు కడుతూ ఉన్నాడు. లండన్ అమ్మాయి ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడింది. ఆ వారమే ఆమె విమానం ఎక్కింది. వెళ్లేముందు వాళ్ల అమ్మ ఇంటి చిరునామా నా చేతిలో పెట్టింది. మా ఆయనకి సంగతి తెలిసి, "మన పని క్యాసెట్లు తిప్పేది. మనుషుల్ని తిప్పేది కాదు. నీకెందుకే ఇయ్యన్నీ?" అన్నారు. నేను చిరునామా కాగితం బట్టల కింద దాచాను. ఆ తర్వాత శుక్రవారాలు మళ్లీ ఏసీ, నేనూ.

కొన్ని నెలలకి రాస్ అల్ ఖైమాలో ఒక పెళ్లికి వీడియో తీయడానికి వెళ్తే, మేళం ముందు ఢోలక్క. చిక్కిపోయింది. కెమెరా వెనక ఉన్నది నేనని చూసి, ఢోలు కొంచెం నా వైపు తిప్పింది. అందరూ పెళ్లికూతురి చుట్టూ ఆడుతున్నారు. ఆమె నా అద్దంలోకి సూటిగా చూస్తూ వాయించింది. పెళ్లికూతుర్ని తీయాల్సిన దాన్ని, చాలాసేపు ఆమెనే తీశాను. ఇంటికొచ్చి ఆ ముక్క వరకే ఇంకో క్యాసెట్‌లో ఎక్కించి, లండన్‌కి పోస్టు చేశాను. మా ఆయన చూశారు. తెలియనట్టు ఊరుకున్నారు, పైగా క్యాసెట్ చుట్టడానికి గట్టి అట్ట ఆయనే వెతికి ఇచ్చారు.

జవాబుగా క్యాసెట్ వచ్చింది. బయటి నుంచి వచ్చే క్యాసెట్లను ఆ రోజుల్లో అధికారులు వేసి చూసిగానీ ఇచ్చేవాళ్లు కాదు. అక్కడి అధికారి జాలిగా చూసి, "ఒకామె పియానో వాయిస్తోంది, మధ్యమధ్యలో ఊరికే కూర్చుంటోంది. అప్పుడు చప్పుడే లేదు. నీ టేపు పాడయినట్టుంది" అన్నాడు. నేనూ పాడయిందనే అనుకున్నాను.

ఆ వైపు పెళ్లి తగిలిన రోజు క్యాసెట్ పట్టుకుని ఢోలక్క ఇంటికి వెళ్లాను. ఆడవాళ్ల గదిలో టీవీ, వీసీఆర్ ఉన్నాయి. వాళ్ల వదిన గుమ్మడిగింజలు వలుచుకుంటూ పక్కనే కూర్చుంది. లండన్ అమ్మాయి తెర మీదికొచ్చి వాయించసాగింది. వాయించి వాయించి ఆగి, చేతులు ఒళ్లో పెట్టుకుని, తల కొంచెం వంచి వింటున్నట్టు కూర్చుంది. "టేపు పాడయిందంట అక్కా" అన్నాను. ఢోలక్క తల అడ్డంగా ఊపింది. "కాదు. అక్కడ నేను" అంది. లేచి ఢోలు తెచ్చుకుంది. టేపు వెనక్కి తిప్పించి, మళ్లీ ఆ చోటు రాగానే వాయించింది. ఆమె ఆపిన క్షణానికి తెర మీద లండన్ అమ్మాయి చేతులు లేచాయి. ఒక్క దెబ్బ అటూ ఇటూ కాలేదు. అక్కడ సముద్రాల దూరంలో ఎన్నడో చలికాలంలో కూర్చున్న మనిషి ఎంతసేపు ఆగాలో ముందే తెలిసి ఆగింది. వదిన గింజల గిన్నె పక్కన పెట్టి, "బాగుంది, బాగుంది" అంది. ఆమెకి అదొక సంగీత పాఠం.

అట్లా కొన్నేళ్లు నడిచింది. ఇక్కడ ఢోలక్క ఖాళీలు వదులుతూ వాయిస్తే నేను తీసి పంపేదాన్ని. అక్కడి నుంచి పియానోలో ఖాళీలు వచ్చేవి. ఒకరి ఎదురుగా ఒకరు కూర్చున్నంత దగ్గరగా వాయించుకునేవాళ్లు. టేపు అయిపోయాక తెర నీలంగా వెలుగుతుంటే, ఢోలక్క చాలాసేపు ఆ నీలం వైపే చూసేది. వీసీఆర్ ఆపడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు.

ఆఖరుగా వచ్చిన టేపులో లండన్ అమ్మాయి పక్కన ఇంకో అమ్మాయి ఉంది. నల్లజాతి పిల్లే, వయసు తక్కువ, మోకాళ్ల మధ్య ఢోలు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ మొదటి నుంచి చివరి దాకా వాయించారు. ఎక్కడా ఆగలేదు. ఢోలక్క ఒళ్లో ఢోలు పెట్టుకుని, చేతులు దాని మీద ఉంచి, అట్లాగే వింది. అయిపోయాక వాళ్ల వదిన, "ఈసారి టేపు బాగా వచ్చింది. ఎక్కడా చెడిపోలేదు" అంది సంతోషంగా.

ఢోలక్క నాతో టేపు వెనక్కి తిప్పించి మళ్లీ మొత్తం వింది. "ఆ పిల్లకి ఎడమ చెయ్యి బరువు" అంది. మళ్లీ తనే, "పర్లేదు, నేర్చుకుంటుంది" అంది. వదిన టీ పెట్టడానికి వెళ్లింది. నేను ఏదో అనబోతే, "యల్లా, కెమెరా పెట్టు" అంది. ఢోలును ఒళ్లోంచి తీసి గోడ వైపుకి తిప్పి పెట్టింది. చేతులు కట్టుకుని, కెమెరాలోకి చూస్తూ పాడింది. అన్నేళ్లలో ఆమె పాడగా నేను వినలేదు. స్వాహిలీ పాట, ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు బొంగురుగా, పెద్దగా, ఊపిరికి తప్ప ఎక్కడా ఆగకుండా వచ్చింది. పాట మధ్యలో కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, నేనూ కెమెరా పక్కకి తిప్పలేదు. చివర ఆమె నవ్వింది. నటించిన నవ్వు కాదు, చిన్నప్పటి స్నేహితురాలిని అత్తవారింటికి పంపేటప్పుడు నవ్వుతామే, అట్లాంటిది. "ఖలాస్. పంపించు" అంది.

పంపాను. జవాబు వచ్చిందో లేదో నాకు తెలియదు. మా ఆయనకి ఒంట్లో బాగోక ఆ ఏడాదే స్టూడియో వదిలేసి నెల్లూరు వచ్చేశాం. రావడానికి ముందు ఒక పెళ్లిలో ఆమెను చూశాను. మేళం ముందు కూర్చుని ఇద్దరు కొత్త ఆడపిల్లల చేతులు పట్టుకుని దరువు నేర్పిస్తోంది. నన్ను చూసి, తన పక్కన చాప మీద చెయ్యి తట్టి కూర్చోమంది. అన్నేళ్లలో మొదటిసారి కెమెరా కింద పెట్టి ఒక పెళ్లిలో కూర్చున్నాను. ఆ పెళ్లి వీడియోలో కొంతసేపు ఏమీ లేదని పెళ్లివాళ్లు మా ఆయనతో గొడవ పడ్డారు కూడా. ఆయన పోయి చాలాకాలమైంది. ఢోలక్క ఉందో లేదో చెప్పేవాళ్లు లేరు. వయసులో ఉన్నప్పుడు, కాలం మన కోసం ఏదో తెస్తూ ఎదురొస్తోందని అనుకుంటాం. అది ఎప్పుడూ మన పక్కనే కూర్చుని ఉండి, మనకంటే ముందు లేచి వెళ్లిపోయిందని, ఇట్లా వెనక్కి తిరిగి చూస్తేనే తెలుస్తుంది.