బిషప్ మోచెయ్యి మలుపులో గోబ్నెట్

గోబ్నెట్ లీహీ క్షమించిన మనిషి ఐర్లండులోని మా కెర్రీ తీరంలో ఒక్కడున్నా నాకు చూపించండి, వాడి బూట్లు నేను తుడుస్తాను.

సిస్టర్ల బడిలో ఆమె నా ముందు బెంచీలో కూర్చునేది. ఏడేళ్ల వయసులో సిరాబుడ్డి ఒలకబోసిందని సిస్టర్ ఎటా ఆమెను స్కేలుతో కొట్టింది. ఒలకబోసింది నేను. గోబ్నెట్ నా పేరు చెప్పలేదు, ఏడవలేదు. ఆనాటి నుంచి ఆ సిస్టర్ ఏమడిగినా తలాడించడమే తప్ప నోరు విప్పలేదు. ఎక్కాలు కూడా తలాడించే అప్పజెప్పింది. నలభై ఏళ్ల తర్వాత సిస్టర్ పోతే, శవపేటిక మూత వేసేముందు వంగి, "సిరా నేను ఒలకబొయ్యలేదు సిస్టర్" అని చెప్పి వచ్చింది. పేటికలో సిస్టర్ ముఖం ఎర్రబడడం నేను కళ్లారా చూశాను.

పెద్దయ్యాక పాలకేంద్రంలో ఇరవై రెండేళ్లు డబ్బాలు కడిగింది. మర్టీ లీహీని పెళ్లాడింది. మర్టీ నిద్రలో కూడా మాట్లాడే మనిషి, ఆమె నిద్రలో కూడా జవాబు చెప్పే మనిషి. "నీలో ఏం చూసి చేసుకుందిరా?" అని అడిగితే మర్టీ దాచకుండా చెప్పేవాడు: "నన్ను కాదు, మా గుమ్మం ముందున్న సముద్రాన్ని చూసి." పెళ్లయిన వారానికే ఆమె గుమ్మం పక్కన ఒక బల్ల వేయించుకుంది. పనులు ముగిశాక దాని మీద కూర్చుని దీవుల వైపు చూసేది.

ఆ బల్లను ఆమెకు దూరం చేసినవాడు కాన్ డివేన్.

కాన్ టూరిస్టు బస్సు నడుపుతాడు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన మా కొన చుట్టూ నలభై మైళ్ల రోడ్డు, పక్కనే సముద్రం. రోడ్డు సన్నం కాబట్టి బస్సులూ కార్లూ అన్నీ గడియారం ముల్లు తిరిగే వైపే వెళ్తాయి. చట్టమేమీ లేదు, అలవాటంతే. కాన్ బస్సు రోజూ పదకొండూ ఇరవైకి మర్టీ ఇంటిముందు నుంచి వెళ్తుంది. ఎనిమిదేళ్ల క్రితం ఒక రోజు బస్సు అక్కడ నెమ్మదించినప్పుడు గోబ్నెట్ తన గొర్రెల కుక్కను కేకేస్తోంది. "ఒరే కెప్టెన్, పోయి ఆ ముసలాణ్ణి లాక్కురా! దుంపలు చల్లారిపోతున్నాయ్."

మర్నాడు కాన్ మైకు పట్టుకున్నాడు. "కుడివైపు చూడండి బాబూ! ఈ ఇంట్లో మొగుడూ పెళ్లాం మాట్లాడుకుని ముప్పై ఏళ్లయింది. ఏం చెప్పాలన్నా కుక్కతో చెప్పి పంపుకుంటారు."

బస్సంతా నవ్వింది. ఇక ఎనిమిది వేసవులు రోజూ అదే మాట, అదే నవ్వు. దుకాణంలో జనం "ఇవాళ కెప్టెన్ ఏమన్నాడు?" అని అడిగేవాళ్లు. ఒక ఏడు ఫాదర్‌గారు ఇద్దరికీ రాజీ కుదర్చడానికి స్వయంగా వచ్చారు. గోబ్నెట్ బట్టలు పెరట్లో ఆరేసుకోవడం మొదలుపెట్టింది. బల్ల ఖాళీ అయిపోయింది.

ఈ ఏడు ఫిబ్రవరిలో కెప్టెన్ చనిపోయాడు. పదమూడేళ్లవాడు. గేటు పక్కన పాతిపెట్టి, పైన తెల్లరాయి పెట్టారు. ఈస్టరుకి బస్సులు మళ్లీ మొదలయ్యాయి. కాన్ మైకులో, "అయ్యో, కుక్క చచ్చిపోయిందండీ! ఇంక ఈ ఇంట్లో మాటలు బంద్" అన్నాడు. అందరూ నవ్వారు. ఒకతను దిగి తెల్లరాయికి ఫొటో కూడా తీసుకున్నాడు. గోబ్నెట్ కర్టెన్ వెనక నిలబడి చూసింది.

జూన్‌లో మర్టీ వచ్చి నన్ను పిలిచాడు. "గురువారం పదకొండున్నరకి నీ గొర్రెల గేటు దగ్గరుండు. మా పెళ్లయి నలభై ఏళ్లు. నేనూ మా ఆవిడా షికారుకెళ్తున్నాం."

నా గేటు బిషప్ మోచెయ్యి దగ్గర ఉంది. మర్టీ ఇంటికి అర మైలు అవతల, కొండకీ సముద్రానికీ మధ్య ఉన్న మలుపు అది. అక్కడ సముద్రపు కాకులు కూడా ఒక రెక్క ముడుచుకుని ఎగురుతాయి. ఎదురుపడితే కారే వెనక్కి పోవాలి. బస్సు పోదు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి వాళ్ల నీలం కారు బయల్దేరింది. నడిపేది గోబ్నెట్. ముందు అందరూ వెళ్లే వైపే టౌనుకి వెళ్లారు. చర్చి చుట్టూ ఉన్న గుండ్రటి రోడ్డులో కారు తిప్పింది, ఆమె కారు తిప్పగల చోటు అదొక్కటే. ఐస్‌క్రీము తిన్నారు. ఇసుక తీరంలో చెప్పులు విప్పి నడిచారు. తర్వాత అదే రోడ్డున, అందరికీ ఎదురుగా, ఇంటికి బయల్దేరారు.

నలభై ఏళ్లు ఆ సముద్రాన్ని ఒకే వైపు నుంచి చూసిన మనిషికి ఇటు నుంచి అది కొత్తగా కనిపించింది. దీవులు కొండ వెనక నుంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మర్టీ మెత్తబడ్డాడట. "అమ్మాయ్, ఇంత బాగుంది కదా. పోనీ, వాణ్ణి వదిలేద్దామా?"

"వదిలేస్తే రేపు పదకొండూ ఇరవైకి మళ్లీ కర్టెన్ వెనకే నిలబడాలి. వాడు మన గేటు ముందు, ఆ మైకులోనే, అబద్ధమని చెప్పాలి. కెప్టెన్ రాయి ముందు టోపీ తియ్యాలి. అంతే."

నేను గేటు మీద మోచేతులు ఆనించి నిలబడ్డాను. అటు నుంచి కాన్ బస్సు, ఇటు నుంచి నీలం కారు. మలుపులో ముక్కూ ముక్కూ ఆనేంత దగ్గర ఆగాయి. కాన్ హారన్ కొట్టాడు. గోబ్నెట్ ఇంజను ఆపి, సంచిలోంచి ఊలు అల్లిక తీసింది.

కాన్ దిగాడు. "ఏం గోబ్నెట్, దారి తప్పావా? లోకమంతా ఇటు పోతుంటే నువ్వు అటు పోతావేం? కొంచెం వెనక్కి తియ్యి తల్లీ."

ఆమె తలెత్తలేదు. మర్టీ అద్దం దించాడు. "ఆమెకి కారు వెనక్కి నడపడం రాదు కాన్."

"లైసెన్సు ఉందిగా!"

"డెబ్భై తొమ్మిదిలో టెస్టుల కోసం జనం బారులు తీరారని గవర్నమెంటు విసుగెత్తి, టెస్టు లేకుండానే లైసెన్సులు పంచింది, గుర్తులేదా? ఈవిడకీ అలాగే వచ్చింది. ముందుకి నడపడం నేర్చుకుంది. వెనక్కి నడపమని ఎవరూ అడగలేదు."

"అయితే నువ్వు తియ్యరా!"

మర్టీ కాళ్ల దగ్గరున్న నల్లబీరు సీసా మూత తీసి, సగం గటగటా తాగాడు. "అబ్బా, ఒక్క నిమిషం ముందు అడగాల్సింది. తాగి నడిపితే తప్పు కదూ?"

"తాళాలియ్యి, నేనే తీస్తా."

"ఇన్సూరెన్సు ఆమె పేరు మీదే ఉంది. సముద్రంలో పడేస్తే నువ్వు ఈదుకుని తెస్తావా?"

కాన్ పోలీసు సార్జెంటుకి ఫోన్ చేశాడు. ఆయన అరుపు నా దాకా వినిపించింది: "లైసెన్సుంది, ఇన్సూరెన్సుంది, ఇటే పోవాలని బోర్డు లేదు. ఏమని కేసు పెట్టమంటావ్, అల్లుతోందనా?"

ఈలోగా కాన్ వెనక ఇంకో రెండు బస్సులు ఆగాయి. కాన్ మెడ ఎర్రబడింది. కారు కప్పు మీద చరిచాడు. "గోబ్నెట్! నీకేం కావాలో నోరు తెరిచి చెప్పవే!"

"ఎలా చెప్తుంది కాన్?" అన్నాడు మర్టీ. "మా ఇంట్లో ఏదైనా కుక్క ద్వారానే అని నువ్వే కదా చెప్పింది. కుక్క పోయింది. మాటలు బంద్."

నాకు నవ్వాగక గేటు పట్టుకున్నాను. అప్పటికే టూరిస్టులు దిగి గుమిగూడారు. అందులో ఒక పొడుగాటి జర్మనావిడ, బడిపంతులమ్మట, వంగి కారులోకి చూసింది. "ఇందాక చూపించిన ఇల్లు మీదేనా అమ్మా?"

ఆమెకి గోబ్నెట్ జవాబిచ్చింది. "మాదే. కిటికీకి కర్టెన్ ఉంది చూశారా, దాని వెనక నేనుంటాను, రోజూ. ఇవాళొక్క రోజే లేను." తర్వాత కెప్టెన్ గురించి చెప్పింది, వాడు చనిపోయిన రాత్రి తల తన ఒళ్లో ఉన్న సంగతి చెప్పింది, ఖాళీ బల్ల గురించి చెప్పింది. చివరికి తనకేం కావాలో చెప్పింది. అంతసేపూ మర్టీ మధ్యమధ్య దూరుతూ, "పదమూడు కాదే, పధ్నాలుగు" అంటుంటే, "నోర్ముయ్, నాకు తెలుసు" అంటూనే ఉంది. వాళ్లు మాట్లాడుకుంటారో లేదో అందరికీ తెలిసిపోయింది.

పంతులమ్మ వెనక్కి తిరిగి వాళ్ల భాషలో అందరికీ చెప్పింది. నలభై ముఖాలు ఒక్కసారి కాన్ వైపు తిరిగాయి.

"పది నిమిషాల కింద మేం నవ్వాం" అందామె. "ఒక ముసలావిడ తన కుక్క కోసం ఏడుస్తుంటే మా చేత నవ్వించావు. వెనక్కి వెళ్లి వాళ్ల గేటు ముందు చెప్తానని నువ్వు ఒప్పుకునేదాకా మేం బస్సెక్కం."

వాళ్లు వెళ్లి గోడ మీద వరసగా కూర్చున్నారు. గోబ్నెట్ మాంసపు రొట్టెల డబ్బా వాళ్లకి అందించింది. ముట్టడికి సరిపడా తెచ్చింది మరి.

"కారుకి బస్సు వెనక్కి తగ్గడమా?" కాన్ గొణిగాడు. "ఈ రోడ్డులో ఎప్పుడైనా జరిగిందా?" వెనక డ్రైవర్లకు ఆకలి మొదలై, హారన్లు కొట్టడం మొదలుపెట్టారు. కాన్‌ని ఉద్దేశించే కొట్టారు. "సరే, చెప్తాను" అని అతను బస్సెక్కాడు, వెనకే జనమూ ఎక్కారు.

కొట్టంలోంచి వెనక్కి నడిచే ఆవుల్లా మూడు బస్సులూ వెనక్కి కదిలాయి. కాన్ బస్సు ముక్కుకి జానెడు దూరంలో నీలం కారు, అడుగడుగూ వదలకుండా. కాన్ కళ్లెత్తితే ఎదురుగా గోబ్నెట్ ముఖం. అర మైలుకి అరగంట పట్టింది. ఆ అరగంట ఆమె రెప్ప వెయ్యలేదు. పక్కనే నడిచినవాణ్ణి, నాకు తెలుసు.

గేటు ముందు ఆగారు. మూడు బస్సుల జనం దిగి నిలబడ్డారు. కాన్ టోపీ తీసి మైకు పట్టుకున్నాడు.

"నేను చెప్పింది అబద్ధం" అన్నాడు లోగొంతుకతో. "ఈ ఇంట్లో ఇద్దరూ రోజంతా మాట్లాడుకుంటారు. కెప్టెన్ మంచి కుక్క. వాడి మీద నవ్వించినందుకు... తప్పయింది."

గోబ్నెట్ కారు దిగి బస్సు మెట్టు దాకా వచ్చింది. ఎనిమిదేళ్లలో కాన్‌తో మొదటిసారి మాట్లాడింది.

"మూడో బస్సు వాళ్లకి వినపళ్లేదు. మళ్లీ చెప్పు."

చెప్పాడు. ఆమె వెళ్లి బల్ల మీద దుమ్ము చేత్తో తుడిచి, సముద్రానికెదురుగా కూర్చుని, కాళ్లు చాపుకుంది.

"ఇంకోసారి."